ఒకే ఇంటిపేరున్న క్రిములు

పరాయివాళ్ల మలం పరీక్ష చేసి ముప్పై ఏళ్లకు కాస్త తక్కువ కాలం బతికాను. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు "ఏం ఉద్యోగమమ్మా?" అంటే మొదట్లో "ఆసుపత్రిలో" అని తప్పించుకునేదాన్ని. తర్వాత ఉన్నమాటే చెప్పడం అలవాటైంది. వాళ్లు చేతిలో ఉన్న లడ్డూ విస్తట్లో పెట్టేసి కాస్త అవతలికి జరిగేవాళ్లు. నాకు కూర్చోవడానికి చోటు బాగా దొరికేది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి, తెల్లకోటు కుట్టించుకుని, తర్వాత ఏమిటో తెలియక నిలబడ్డ పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ప్రమోషన్లు ఎలా వస్తాయి, సెలవు చీటీ ఎవరికి పెట్టాలి అని అడుగుతారు. అవి మీ ఆఫీసువాళ్లు చెప్తారు. నేను చెప్పగలిగింది నా తప్పొకటి. నేను రాసిన రెండు లైన్ల వల్ల ఒక ఆడమనిషి ఉన్నచోటు వదిలి పోవాల్సిన పరిస్థితి వచ్చింది. ఆమె వల్లా, మా డాక్టరమ్మ వల్లా నాకు పని వచ్చింది. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా ఇప్పటికీ నాకు రోజు గడవదు.

నాలుగు భాషలు, ఒక గది

మాది భోపాల్‌పట్నం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండి, దొర్లి. ఇదేమీ చదువు కింద లెక్కకు రాదనుకునేదాన్ని. జగ్దల్‌పూర్‌లో ట్రైనింగ్ అయ్యాక ఇనుప ఖనిజం తవ్వే కొండ కింద ఉన్న టౌన్‌షిప్ ఆసుపత్రిలో చేరినప్పుడు తెలిసింది, నా అసలు చదువు అదేనని. క్వార్టర్లలో ఉండేవాళ్లది విజయనగరం, శ్రీకాకుళం తెలుగు. డాక్టర్లది హిందీ. కొండ పక్కన లేబర్ క్యాంపులో బాసగూడ, చింతలనార్ వైపు నుంచి పనికొచ్చినవాళ్ల దొర్లి, గోండి. "ఎప్పటినుంచి? ఎన్నిసార్లు? రక్తం పడుతోందా?" అన్న మూడు ప్రశ్నలు నాలుగు భాషల్లో అడగగలిగితే విరేచనాల కేసులో సగం పని అయిపోయినట్టే.

ల్యాబ్ అంటే ఒక గది. ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, మనసైతే పనిచేసే ఫ్రిజ్జు. వానాకాలం కొండ మీంచి దిగే నీళ్లు ఎర్రగా ఉండేవి. మా కోట్ల అంచులకు కూడా ఆ ఎరుపే పట్టేది. శాంపిళ్లు ఆకు దొప్పల్లో వచ్చేవి, అగ్గిపెట్టెల్లో వచ్చేవి. ఒకాయన తన టిఫిన్ డబ్బాలోనే తెచ్చి, డబ్బా మాత్రం తిరిగి కావాలన్నాడు. ఉడకబెట్టి, తోమి ఇచ్చాను. ఆయన అది పట్టుకుని అడవిలో ఎంత దూరం నడిచాడో నాకు తెలుసు. మీరు గ్లౌజులు వేసుకోండి, మాస్కు కట్టుకోండి, కానీ తెచ్చిన మనిషి ఎదురుగా మొహం మాత్రం చిట్లించకండి. ఒకసారి చిట్లిస్తే ఆ ఇంటినుంచి రెండో శాంపిల్ రాదు.

పని ఇలా ఉండేది. మలాన్ని సన్నని తీగతో, ఎగర్ అనే ఎర్రటి జెల్లీ పోసిన ప్లేటు మీద గీస్తాం. మర్నాటికి చుక్కలు మొలుస్తాయి. ఒక్కో చుక్కా ఒక్కో క్రిమి సంతానం. గులాబీరంగు చుక్కలైతే ఎక్కువగా ఈ.కోలి. అది మీ పేగుల్లోనూ ఉంది, నా పేగుల్లోనూ ఉంది. ఎవరికీ ఏ హానీ చేయకుండా పుట్టినప్పటి నుంచీ మనతోనే ఉంటుంది. అందుకని కలరా క్రిమి కోసం వెతికేవాళ్లం, రక్త విరేచనాల క్రిమి కోసం వెతికేవాళ్లం, రెండూ దొరక్కపోతే రిజిస్టర్లో "మామూలు క్రిములే" అని రాసి భోజనానికి లేచేవాళ్లం. నా మొదటి బాస్ ఆ రిజిస్టర్ తెరవకుండానే సంతకం పెట్టేవాడు. మంచివాడే. ఇంట్లో ఆవకాయ పెడితే అందరికీ తలో సీసా తెచ్చేవాడు. ఆయన దగ్గర ఆరేళ్లు పనిచేసి నేను నేర్చుకున్నది ఆవకాయ కలపడమే.

అన్నమ్మ డాక్టర్ గారు

తర్వాత డాక్టర్ అన్నమ్మ వచ్చారు. కేరళ మనిషి. హిందీ మాట్లాడితే మలయాళంలా, తెలుగు మాట్లాడితే హిందీలా ఉండేది. చేరిన వారానికి రిజిస్టరంతా తిరగేసి నన్ను పిలిచారు.

"సరోజనా, పిల్లాడికి రోజుకు పన్నెండు విరేచనాలు. నువ్వు మామూలు అని రాశావు. ఏది మామూలు?"

"ఈ.కోలి ఒక్కటే వచ్చింది మేడమ్. అది అందరిలోనూ..."

"అది దాని పేరు. అది చేసే పని ఏమిటో చూశావా?"

చూడలేదు. చూసే దారి మా గదిలో లేదు కూడా. ఆ సాయంత్రం ఆవిడ ఒక కాగితం మీద పేగు బొమ్మ గీసి చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ.కోలిలో కొన్ని ఉంటాయి, చూడ్డానికి తక్కినవాటిలాగే గులాబీ చుక్కలే. కానీ అవి చిన్న పేగు గోడను పట్టుకుని వేలాడతాయి. అక్కడ కూర్చుని విషాన్ని వదులుతాయి. ఆ విషాలు రెండు రకాలు. ఒకటి వేడికి చచ్చేది, అది కలరా విషానికి దగ్గర చుట్టం. రెండోది వేడికి తట్టుకునేది. ఏదైనా సరే పేగును కోయదు, కాల్చదు. పేగు కణం లోపల ఉండే ఒక మీటను నొక్కి వదిలేస్తుంది. కణం ఉప్పునూ నీళ్లనూ బయటికి పోస్తూనే ఉంటుంది. మనిషి ఎండిపోతాడు. క్రిమి మాత్రం ఆ నీళ్లతోపాటు బయటపడి ఇంకో ఇంటి బిందెలోకి చేరుతుంది.

ఆ విషం తయారుచేసే జన్యువులు క్రిమి ప్రధాన జన్యుపదార్థంలో ఉండవట. పక్కన విడిగా ఒక చిన్న వలయం మీద ఉంటాయట. చీర కొంగున ముడేసుకున్న తాళంచెవి లాంటిది అది. పక్కదానికి ఇవ్వొచ్చు, దారిలో జారిపోనూ వచ్చు. అందుకే ఒకే పేరున్న రెండు క్రిముల్లో ఒకటి ప్రాణం తీస్తుంది, ఇంకోటి ఊరికే పడి ఉంటుంది. ప్లేటు మీద రెంటికీ తేడా కనపడదు. జన్యువును వెతికితేనే తెలుస్తుంది. ఆ పరీక్షలు అప్పుడప్పుడే పెద్ద నగరాలకు వస్తున్న రోజులవి.

శ్రద్ధగా విన్నాను, నోట్సు రాసుకున్నాను. తీరా అవసరమైన రోజున అందులో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

నేను రాసిన రెండు లైన్లు

లేబర్ క్యాంపులో కన్నమ్మ తైదంబలి, అంటే రాగి అంబలి, అమ్మేది. హిందీవాళ్లు మడియా పేజ్ అంటారు. బాసగూడ వైపు మనిషి, దొర్ల తెగ. మొగుడు క్రషర్ దగ్గర పనికొస్తే వెంట వచ్చింది. అతను పోయాక వెనక్కి వెళ్లలేదు. తైదపిండి రాత్రే నానబెట్టి పులియనిచ్చి, పొద్దున కాచి, చల్లార్చి, సొరకాయ బుర్రల్లో పోసుకుని వచ్చేది. ప్రతి బుర్రలో అడుగున కొంచెం నిన్నటి అంబలి ఉంచేది. దాని పులుపే ఇవాళ్టి దానికి రుచి. ఎండలో రాళ్లు మోసి వచ్చినవాళ్లు రెండు దొప్పలు తాగి, నీడన కాసేపు కూర్చుని లేచి పోయేవాళ్లు. క్యాంపులో తాగనివాళ్లు లేరు.

ఆ ఏడు తొలి వానలు పడ్డ వారానికి క్యాంపు నుంచి విరేచనాల కేసులు మొదలయ్యాయి. బియ్యం కడిగిన నీళ్లలా, ఆగకుండా. పిల్లల వార్డు నిండింది, వరండాలో చాపలు వేశాం. అన్నమ్మగారు సెలవు మీద ఊళ్లో ఉన్నారు. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ తివారీగారు ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. "సిస్టర్, వచ్చినవాళ్లందరూ ఆ ముసల్ది అమ్మే పేజ్ తాగారు. పరీక్ష చెయ్యండి" అన్నారు. రోగం రానివాళ్లు ఏం తాగారని ఆయన అడగలేదు. నాకూ తోచలేదు.

ప్లేటు వేశాను. గులాబీ చుక్కలొచ్చాయి. ఒకదాన్ని తీసి పరీక్షించాను. ఈ.కోలి. రోగుల ప్లేట్ల మీదా అవే, ఒక్కో ప్లేటు నుంచి అందంగా, గుండ్రంగా ఉన్న చుక్క ఒకటి తీశాను. అవీ ఈ.కోలి. ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాశాను: "రోగుల మలం: ఈ.కోలి." "అంబలి: ఈ.కోలి. తాగడానికి పనికిరాదు." రెండూ అబద్ధాలు కావు. రెంటికీ సంబంధం ఉందని నేను రాయలేదు. కానీ ఒకదాని కింద ఒకటి రాస్తే చదివేవాడు కలుపుకుంటాడని ఆరేళ్ల అనుభవం ఉన్నదానికి తెలియాలి.

మధ్యాహ్నానికి తివారీగారు మనుషుల్ని తీసుకెళ్లి కన్నమ్మ కుండలూ బుర్రలూ పగలగొట్టించారు. అక్కడితో ఆగలేదు. క్యాంపులో ఆ కాగితం సంగతి పాకింది. దవాఖానవాళ్లు అంబలిలో ఏదో పట్టుకున్నారంటే, వాళ్లకు తెలిసిన మాట ఒక్కటే: మందు పెట్టింది, అంటే కావాలని విషం కలిపింది. ఆ మాట పడ్డ ఆడమనిషికి మా వైపు ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు ఆమె గుడిసె ముందు నుంచి నడవడం మానేశారు. క్యాంపు పెద్ద ముత్తయ్య వచ్చి "వచ్చే అమాస లోపు ఎల్లిపోవాలె" అని చెప్పిపోయాడు.

"ఎన్ని చుక్కలు తీశావు?"

అన్నమ్మగారు సెలవు మధ్యలోనే తిరిగొచ్చారు. పెట్టె కింద పెట్టకుండానే వార్డంతా తిరిగి, తర్వాత రిజిస్టర్ చూశారు. నేను నిలబడి ఉన్నాను.

"ఒక్కో రోగి నుంచి ఎన్ని చుక్కలు తీశావు?"

"ఒకటి మేడమ్."

"ప్లేటు మీద వంద ఉంటే ఒకటి. అది చెడ్డదే అని నీకెవరు చెప్పారు? అంబలిది చెడ్డదని ఎవరు చెప్పారు?"

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. స్టూలు లాక్కుని కూర్చుని, తల పట్టుకుని, "ఆ అమ్మ దగ్గరికి నువ్వే వెళ్లాలి" అన్నారు. రోగుల మలం మళ్లీ తీయాలి, ఒక్కొక్కరి నుంచి పదేసి చుక్కలు. రోగం రానివాళ్లవీ కొన్ని తీయాలి. వాళ్లు తాగే నీళ్లు తీయాలి. అంబలీ తీయాలి, దాంట్లోనూ పది. తీసినవాటిని ప్లేటు నుంచి ప్లేటుకు మార్చుతూ పెంచకూడదు, అలా మారిస్తే ఆ చిన్న వలయం జారిపోవచ్చు. మెత్తని ఎగర్ ఉన్న చిన్న సీసాల్లో గుచ్చి, మూత బిగించి, మైనం పూసి, దూరాన ఒక పెద్ద పరిశోధనశాలలో ఉన్న ఆవిడ క్లాస్‌మేట్‌కు పంపాలి.

కన్నమ్మ గుడిసె ముందు పగిలిన పెంకులు అలాగే ఉన్నాయి. ఊడ్చలేదు. గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఏంది బిడ్డా, మళ్లొచ్చినవ్?"

"అంబలి కావాలె పెద్దమ్మా. పరీక్షకు."

"మొన్న చేసింది సాల్లేదా? కుండలు పోయినయ్, బుర్రలు పోయినయ్. ఇగ నేనే మిగిలిన."

"మొన్న సగమే చేసిన. మిగతా సగం చెయ్యాలె."

ఆమె గడప పట్టుకుని లేచింది. లోపలికి వెళ్లి ఒక చిన్న బుర్ర తెచ్చింది. "ఇది మీ వాళ్లకు దొరకలే" అంది. ఎవరూ కొనకపోయినా తనకోసం రోజూ కాచుకుంటూనే ఉంది. దొప్పలో పోసి నా ముందు పెట్టింది.

"ముందు నువ్వు తాగు."

నా చెయ్యి దొప్ప దాకా వెళ్లింది. ప్లేటు మీది గులాబీ చుక్కలు కళ్లముందు కనపడ్డాయి. అందులో ఏముందో నాకు నిజంగా తెలియదు. "రిజల్టు రానీ పెద్దమ్మా, అప్పుడు తాగుత" అన్నాను.

ఆమె దొప్ప తీసుకుని తనే తాగేసింది. తర్వాత నేను తెచ్చిన సీసా నింపి చేతిలో పెట్టింది. సిగ్గుతో నేను నేల చూస్తూ ఏదో ఒకటి అడగాలని అడిగాను, "నీళ్లు ఏడివి పెద్దమ్మా?"

"వాగుల చెలిమె తోడుకుంటి. మీ పంపు నీళ్లతోని కాస్తే అంబలి వాసనొస్తది. ఎవ్వరు తాగుతరు?"

వాగు ఇసుకలో గుంట తీసి, ఊరిన నీళ్లు తోడుకోవడం మా అందరి ఇళ్లలో ఉన్నదే. నేను దాన్ని పట్టించుకోకుండానే వెనక్కి వస్తున్నాను. సగం దారిలో కాళ్లు ఆగిపోయాయి. క్యాంపంతా పంపుల్లో వచ్చే సిమెంటు ట్యాంకు నీళ్లే తాగుతోంది. ఈమె తాగదు. ఈమెకు ఏమీ కాలేదు.

వెనక్కి తిరిగి పది పన్నెండు గుడిసెలు తిరిగాను, దొర్లిలో, గోండిలో అడిగాను. చెలిమె నీళ్లు తాగే మూడు ఇళ్లలో అంబలి తాగినా ఎవరికీ రోగం లేదు. ట్యాంకు దాకా వచ్చే గొట్టం మురికికాలువ కిందుగా పోతుంది. వానలకు ముందు డంపరొకటి దాని మీంచి వెళ్లి గొట్టాన్ని నలిపింది. అందరూ చూశారు, ఎవరూ చెప్పలేదు, వాళ్లను ఎవరూ అడగలేదు గనక.

రోగం పోయాక

అన్నమ్మగారు రిజల్టు కోసం ఆగలేదు. ఆ సాయంత్రమే ట్యాంకు నీళ్లు ఆపించారు. ఇది గుర్తుంచుకోండి. అనుమానం గట్టిదైతే ముందు నీళ్లు ఆపాలి, రుజువు తర్వాత వచ్చినా పర్వాలేదు. మంచినీళ్లు ట్యాంకరుతో వచ్చాయి. వార్డులో తల్లులకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టడం నేర్పాం. విషం పేగు మీటను నొక్కి పెట్టినా, పంచదారతోపాటు ఉప్పునూ నీళ్లనూ లోపలికి లాక్కునే దారి ఒకటి తెరిచే ఉంటుందట. "మీ అంబలిలో ఉప్పు వేసి పట్టినా అదే దారిలో వెళ్తుంది" అన్నారావిడ. క్యాంపులో ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వారం పది రోజుల్లో కేసులు తగ్గాయి, వార్డు ఖాళీ అయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం, కన్నమ్మ తప్ప. ఎందుకంటే క్యాంపులో అందరూ చూసింది వేరు. కుండలు పగలగొట్టారు, రోగం పోయింది. ముత్తయ్య నాతోనే అన్నాడు, "చూసినవా సిస్టరమ్మా, కుండలు పగిలినంక ఎట్ల బందయిందో." గొట్టం సంగతి చెప్పాను. "నీళ్లల్ల ఏముంటది? ఎప్పుడు తాగే నీళ్లే గద" అన్నాడు. అమాస పన్నెండు రోజులుంది.

సీసాల డబ్బా అప్పటికింకా ల్యాబ్‌లోనే ఉంది. ఆసుపత్రి పెద్దాయన, "రోగం పోయింది గదా, ఇంకా పంపడం దేనికి?" అన్నారు.

"ఒక పేషెంటు ఇంకా ఉంది సార్" అన్నారు అన్నమ్మగారు.

ఆ మాట విన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇన్నేళ్లలో నేను ఏ బాస్ నోటా అంతకంటే మంచి మాట వినలేదు. సెలవు మీద ఆ వైపే ఊరెళ్తున్న మా స్టాఫ్ నర్సు ఆ డబ్బాను రైల్లో రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. సీటు మీద పెట్టమంటే కూడా పెట్టలేదట.

అమాస ఇంకా మూడు రోజులుందనగా టెలిగ్రాం వచ్చింది. రోగుల చుక్కల్లోనూ, ట్యాంకు నీళ్ల చుక్కల్లోనూ వేడికి తట్టుకునే విషపు జన్యువు ఉంది. అంబలి చుక్కలు పదింటిలో ఒక్కదానిలోనూ లేదు.

వివరాల ఉత్తరం తర్వాత వచ్చింది. దాన్ని చదివి నాకు చెమట పట్టింది. కొందరు రోగుల్లో పది చుక్కల్లో ఒకటీ రెండూ మాత్రమే విషానివి, మిగతావి అమాయకమైనవి. నేను మొదట్లో తీసి, ట్యూబులో దాచి, వారానికోసారి కొత్త ఎగర్‌కు మారుస్తూ వచ్చిన ఒంటరి చుక్కల్ని కూడా డబ్బాలో పెట్టాం. వాటిలో దాదాపు అన్నీ ఖాళీ. నేను తీసింది తప్పు చుక్కో, పెంచి పెంచి జన్యువును పోగొట్టానో చెప్పలేం. వాటిని మాత్రమే పంపి ఉంటే, ఈ రోగులెవరిలోనూ విషం లేదన్న జవాబు వచ్చేది. దాన్ని పట్టుకుని నేను ఇంకో కాగితం రాసేదాన్ని. అందుకే పిల్లలూ, చుక్క అందంగా ఉందని తీయకండి. వంకరదాన్నీ తీయండి, చిన్నదాన్నీ తీయండి. పది తీయండి. "ఈ.కోలి" అని రాసిన తర్వాత పెన్ను మూసేముందు, అది ఏ పని చేస్తోందో తెలుసా అని మిమ్మల్ని మీరే అడగండి. తెలియకపోతే తెలియదని రాయండి. తెలియదు అని రాసినందుకు నా ఎరుకలో ఎవరి ఉద్యోగమూ పోలేదు.

ఇంకోటి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కన్నమ్మ అంబలి శుభ్రమైనదని ఆ టెలిగ్రాం అనలేదు. అందులో ఈ.కోలి ఉంది, అంటే ఎక్కడో చెయ్యో నీళ్లో సరిగా లేవు. ఆ సంగతి తర్వాత ఆమెకు చెప్పాను, బుర్రలో చెయ్యి పెట్టకుండా గరిటెతో తీయడం మొదలుపెట్టింది. కానీ శుభ్రం తక్కువ కావడం వేరు, మందు పెట్టడం వేరు. నా రెండు లైన్లు ఆ రెంటినీ ఒకటి చేశాయి.

తివారీగారిని కూడా నేను చెడ్డవాడనను. టెలిగ్రాం చదివిన రోజే జగ్దల్‌పూర్ మనిషితో రెండు స్టీలు క్యాన్లు తెప్పించి ఆమె గుడిసెలో పెట్టి వచ్చారు. ఆమె వాటిని కాళ్లు కడుక్కునే నీళ్లకు వాడుకుంది. బుర్రల కోసం సొరపాదు వేసి, కాయ ముదిరి ఎండేదాకా చూసింది.

సంతరోజు

అమాసకు ముందురోజు సంత. క్యాంపు పెద్దలు సంత మూల చెట్ల కింద కూర్చుంటారు. కన్నమ్మ మూట కట్టుకుని వచ్చి ఒక పక్కన నిలబడి ఉంది. చంకలో ఆ చిన్న బుర్ర. అన్నమ్మగారు వస్తానన్నారు. వద్దన్నాను. కాగితం రాసింది నేను.

టెలిగ్రాం విప్పి చూపించాను. ముత్తయ్య తిప్పి చూసి ఇచ్చేశాడు.

"కాయితం ఏమంటది?"

"మొన్న నేను రాసింది తప్పని అంటది" అన్నాను. "రోగమొచ్చినోళ్లల్ల దొరికిన పురుగు పేరు, అంబలిల దొరికిన పురుగు పేరు ఒకటే. ఒకటే పేరని నేను రెండూ ఒకటే అనుకున్న. మడకం ఇంటిపేరోళ్లు ఈ క్యాంపుల ఎంతమంది ఉన్నరు?"

"మస్తుమంది."

"ఒక మడకమోడు దొంగతనం జేస్తే అందరు మడకమోళ్లను కట్టేస్తరా? పిల్లల కడుపుల ఉన్న పురుగుకు విషముంది. ట్యాంకు నీళ్లల్ల ఉన్నదానికి గూడ అదే విషముంది. ఈ పెద్దమ్మ అంబలిల ఉన్నదానికి లేదు. దూరం పట్నంల పదిసార్లు చూసిన్రు. పెద్దమ్మ ఏం జెయ్యలే. చేసింది నేను."

మడకం ఇంటిపేరాయన ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ముత్తయ్య గడ్డం గోక్కున్నాడు.

"మాటలు మంచిగనె ఉన్నయ్ సిస్టరమ్మా. మరి నువ్వు తాగుతవా?"

కన్నమ్మ వైపు చూశాను. ఆమె మూట కింద పెట్టింది. బుర్ర మూత తీసి, దొప్పలో పోసి, నా చేతికి ఇచ్చింది. తాగాను. చల్లగా, పుల్లగా, అడుగున పిండి నూకతో. దొప్ప ఖాళీ చేసి ఆకు మడిచాను. ముత్తయ్య లేచి వచ్చి, తనకూ ఒక దొప్ప అడిగాడు. తర్వాత ఇంకో ఇద్దరు. చిన్న బుర్ర, తొందరగానే ఖాళీ అయింది. మూట విప్పమని ఎవరూ చెప్పలేదు, ఆమె తనే విప్పింది.

జనం చెదిరాక ఆమె పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె బుర్ర తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే అంది:

"ఆనాడు తాగుంటే నన్ను నమ్మినట్టు. ఇయ్యాల తాగినవ్, కాయితాన్ని నమ్మినవ్."

ఆ రోజు నాకు కాగితం లేకుండా తాగే ధైర్యం లేదు, ఉండకూడదు కూడా, నా పనే అది. ఆమె అన్నదీ నిజమే. రెండూ నిజమని ఆమెకు తెలుసనుకుంటాను. అందుకే కాసేపటికి నా మోకాలి మీద తట్టి లేచింది.

"రేపు పొద్దుగాల రా" అంది. "కాయితం లేకుండ రా."

వెళ్లాను.